టీచరమ్మ కెంపుటుంగరం

సంగారెడ్డి బజారులో మా బాపుకు వెండి బంగారాల దుకాణం ఉండేది. కొత్త నగలు అమ్మడం కన్నా పాతవి కుదువ పట్టుకోవడమే ఎక్కువ. ముందు గది దుకాణం, వెనుక రెండు గదులు మా ఇల్లు, మధ్యలో ఒక పరదా. పొద్దున పూట రైతులు వచ్చేవాళ్లు. విత్తనాలకో ఎడ్లకో అవసరం పడి భార్య కాళ్ల కడియాలు కుదువ పెట్టి, పంట చేతికొచ్చాక విడిపించుకుపోయేవాళ్లు. ఎండ ముదిరి బజారు సద్దుమణిగాక ఇంకో రకం మనుషులు వచ్చేవాళ్లు. జాగీర్లు పోయి, నౌకర్లు పోయి, ఇల్లు గడవని పెద్దిళ్లవాళ్లు. చేతిరుమాలులో ముడి వేసిన వస్తువును గద్దె మీద పెట్టి, దాని వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ కూర్చునేవాళ్లు. వాళ్లు మళ్లీ వచ్చి విడిపించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అట్లా మా ఇనుప బీరువాలోకి పాత ఉంగరాలు చేరాయి.

ఏ ఉంగరం ఎప్పటిదో, ఏ ఊరి పనో బాపు చూసి చెప్పగలిగేవాడు. హైదరాబాదు నుంచి షావుకార్లు కూడా ఆయన మాట కోసం బస్సెక్కి వచ్చేవాళ్లు. నాకు ఆ విద్య ఆయనే నేర్పాడు. అదీ జ్వరం పుణ్యాన.

ఎనిమిదో తరగతిలో నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగాక కూడా చాలా కాలం మంచం దిగనివ్వలేదు. అమ్మ గంజి తాగించి తన పనిలో పడిపోయేది. నేను ఒక్కతే కూతుర్ని, ఆడుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. ఒక మధ్యాహ్నం బాపు ఇత్తడి పళ్లెంలో ఉంగరాలు పోసుకొచ్చి నా పక్క మీద పెట్టాడు.

"ఇందుల ముసలిదేదో పడుచుదేదో చెప్పు సూద్దాం," అన్నాడు.

మెరిసేవన్నీ ఒక కుప్ప, మాసినవన్నీ ఒక కుప్ప చేశాను. బాపు నవ్వి రెండు కుప్పల్నీ మళ్లీ కలిపేశాడు.

"మొకం సూడకు బిడ్డా. మొకానికి ఎవ్వరైన సోకు చేస్తరు. ఎనక సూడు."

ఆ పూట నుంచి వెనుక చూడడం నేర్చుకున్నాను. ఉంగరం అరిగేది రాయి దగ్గర కాదు, అరచేతి వైపు. బిందె పట్టుకున్నా, కర్ర పట్టుకున్నా రాపిడి అక్కడే పడుతుంది. ఏళ్ల తరబడి తొడిగిన ఉంగరానికి ఆ వైపు, వేలి చుట్టూ తిరిగే పట్టీ ఉల్లిపొరలాగా పలచనైపోతుంది. పక్క వేళ్లు తగిలే చోట కూడా అంచులు నున్నబడతాయి. ఆకురాయి పెట్టి అరగదీస్తే ఒక్కచోటే పోతుంది, వేలు అరగదీస్తే అన్నివైపులా కొంచెం కొంచెం పోతుంది. వెనకటి నవాబుల కాలం పనిలో రాయిని గోళ్లలాంటి కొక్కేలతో పట్టించరు. కుందనం చేస్తారు. అంటే బంగారు గిన్నెలాంటి గుంటలో లక్క నింపి, మీద మెరుపు కోసం పలచటి రేకు పరిచి, రాయి కూర్చోబెట్టి, చుట్టూ మేలిమి బంగారాన్ని మైనంలాగా ఒత్తుతారు. గిన్నె అడుగున, వేలికి ఆనుకునే వైపు, గాజు రంగులు కరిగించి మీనా పూలు పూయిస్తారు. తొడుక్కున్న మనిషికి తప్ప ఇంకెవరికీ కనిపించని పూలు. రాయి కూడా చేత్తో సానబట్టిందైతే ఒక వైపు ఉబ్బు, ఒక వైపు చదును ఉంటుంది. మిషన్ మీద కోసింది అద్దంలో చూసుకున్నట్టు రెండు వైపులా ఒకటే.

"కుందనం మాత్రం ఎన్నడు ఇప్పొద్దు," అనేవాడు బాపు. "ఇప్పితే దాని పానం పోతది. మళ్ల ఎవడు కట్టలేడు."

నేను లేచి తిరగసాగాక కూడా ఆ ఆట ఆగలేదు. దుకాణం మూసే ముందు ఆయన ఏదో ఒక ఉంగరం అరచేతిలో పెట్టుకుని పరదా ఇవతలికి వచ్చేవాడు. "ఇదెప్పటిదే?" అని అడిగేవాడు. నేను దీపం కింద తిప్పి తిప్పి చూసి చెప్పేదాన్ని. ఒకసారి ఒక పచ్చరాయి ఉంగరానికి మొహం మా తాత పుట్టకముందుదనీ, పట్టీ మాత్రం మొన్నమొన్న అతికించిందనీ, అతుకు దగ్గర బంగారం రంగు తేలిందనీ చెప్పాను. బాపు ఆ ముక్క బజారంతా చెప్పుకున్నాడు. "కొడుకు లేకపోతె ఏంది, నా బిడ్డ కన్ను సూడుండ్రి," అన్నాడట. ఆ మాట పక్క దుకాణం ఆయన వచ్చి అమ్మకు చెబితే, నేను పరదా వెనుక నిలబడి విన్నాను. నా చిన్నతనంలో అంత సంతోషం ఇంకోటి నాకు గుర్తు లేదు.

మా ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ ఉండేది. పెళ్లి చేసుకోలేదు. తల్లిని వెంటబెట్టుకుని మా వాడకట్టులోనే కిరాయి ఇంట్లో ఉండేది. నేను తొమ్మిది పాసయ్యాక, ఆడపిల్లకు ఇంక చదువెందుకని ఇంట్లో మాట వచ్చినప్పుడు, ఆమె స్వయంగా మా దుకాణానికి వచ్చి గద్దె ఎదుట నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిల్లను మెట్రిక్ దాక చదివియ్యండి. సాయంత్రాలు నేనే మా ఇంట్ల లెక్కలు చెప్త. మీకేం ఖర్సు లేదు," అంది.

బాపు కాదనలేకపోయాడు. అట్లా నేను రోజూ ఆమె ఇంటికి పోవడం మొదలైంది. ఆమె బడి పిల్లల కాపీలు దిద్దుకుంటూ ఉంటే నేను లెక్కలు చేసుకునేదాన్ని. ఆమె తల్లికి రెండు కళ్లకూ పొర కమ్మింది. ముసలామె గడపకు ఆనుకుని కూర్చుని, చేట్లో పప్పు పోసుకుని చేతి తడుముడుతోనే రాళ్లు ఏరేది. మాట్లాడడానికి మనిషి దొరికితే వదిలేది కాదు.

నేను బంగారు దుకాణం పిల్లనని తెలిసినప్పటి నుంచి ఆమె తన ఉంగరం సంగతి చెప్పేది. జోగిపేట అవతల వాళ్లకు భూములుండేవట. ఆమె పెళ్లికి అత్తగారు తన వేలి ఉంగరమే తీసి తొడిగిందట. రజాకార్ల గడబిడలో ఊరు విడిచి పరుగెత్తినప్పుడు దారి ఖర్చులకు దాన్ని ఒక షావుకారు దగ్గర కుదువ పెట్టారు. గడబిడ సద్దుమణిగి తిరిగి పోతే ఆ షావుకారూ లేడు, దుకాణమూ లేదు.

"కంది గింజంత గాదు, చిక్కుడు గింజంత కెంపు," అని ముసలామె బొటనవేలి గోటి మీద కొలిచి చూపేది. "ఎనక తెల్లటి పువ్వు. ఆకులు పచ్చయి. నేను ఒకనాడు పచ్చడి నూరుతుంటె పొత్రం తాకి ఒక రెక్క పెచ్చు లేచింది. మా అత్త తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టింది. అప్పటి సంది అక్కడ వేలికి గరుకుగ తగిలేది."

నేను ఆ సంగతి అన్నం తినేటప్పుడు బాపుకు చెప్పాను. ఆయన ముద్ద కలపడం ఆపి విన్నాడు.

"ఎన్ని రెక్కల పువ్వు?" అని అడిగాడు.

"అడగలేదు."

"అడుగు. పెచ్చు లేచింది ఏ దిక్కు రెక్కనో గది గూడ అడుగు. అసుంటి మాలు యాడనన్న తిరుగుతుంటె మన కంట పడొచ్చు."

మరునాడు ముసలామెను అడిగి వచ్చి అన్నీ చెప్పాను. పట్టీ పక్కలకు తీగె పని ఉందా, రాయి చివర మొనదేరి ఉందా, గుండ్రంగా ఉందా, ఇట్లా బాపు కొత్త ప్రశ్నలు అడుగుతూ పోయాడు, నేను జవాబులు మోసుకొస్తూ పోయాను. మా బాపు ఒక గుడ్డి ముసలమ్మ ఉంగరం కోసం ఇంత ఆరా తీస్తున్నాడని టీచరమ్మకు గొప్పగా చెప్పుకున్నాను. ఆమె మొదటిసారి నా ముందు బాపును మెచ్చుకుంది.

ఆ తర్వాత చాలా నెలలు ఆ ఊసే లేదు. నేను మెట్రిక్ పరీక్ష రాసి ఇంట్లో ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం బాపు ఎప్పటిలాగే పరదా ఇవతలికి వచ్చి అరచెయ్యి చాపాడు.

"ఇదెప్పటిదే?"

కెంపుటుంగరం. ఆయన మొహంలో ఏమీ లేదు. నేను అలవాటు కొద్దీ ముందు వెనక్కి తిప్పాను. పచ్చటి ఆకుల మధ్య తెల్ల పువ్వు. ఎడమ వైపు కింది రెక్క మీద పెచ్చు లేచి, లోపలి బంగారం కనిపిస్తోంది. 

"బాపూ, ఇది ఆమెదే!"

"తొందరపడకు. ముందు వయసు చెప్పు."

దీపం దగ్గరికి పోయి భూతద్దం పెట్టి చూశాను. అరచేతి వైపు పట్టీ పలచబడింది. పక్క అంచులు నున్నగా ఉన్నాయి, ఒక్కచోట కాదు, వేళ్లు తగిలే ప్రతిచోటా. కుందనం బంగారం మీద సన్నటి గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, వాడకంలో పడే గీతలు. సందుల్లో గట్టిపడ్డ నల్లటి మడ్డి ఉంది. రాయి ఒక వైపు ఉబ్బు ఎక్కువ. నేను నేర్చుకున్న గుర్తులన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చి నిలబడ్డాయి.

"మన తాత కన్న పెద్దది," అన్నాను. "హైదరాబాదు పని. పట్టీ అతుకు గూడ అప్పటిదే."

"పక్కానా?"

"పక్కా."

బాపు తల ఊపాడు. జహీరాబాదు అవతల సంతలో ఒక మనిషి దగ్గర దొరికిందని చెప్పాడు. ఆ రోజు ఆయన మొహంలో కనిపించిన తృప్తిని నేను ముసలామె మీద దయ అనుకున్నాను.

టీచరమ్మకు కబురు పెట్టాం. ఆమె వచ్చి ఉంగరాన్ని చాలాసేపు చూసింది. తర్వాత బాపు లోపలికి పోయిన సందులో నన్ను అడిగింది.

"మీ బాపు చెప్పేది యాపారం. నువ్వు చెప్పు. నిజంగ గంత పాతదేనా?"

"పాతదే టీచరమ్మా. నేను ఎనకా ముందు మొత్తం సూసిన."

"నువ్వు సూసినవంటె ఇగ నాకు ఫికర్ లేదు," అంది.

ఆమె చేతులకు రెండు బంగారు గాజులుండేవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడబెట్టి చేయించుకున్నవి. చేతికి సబ్బు రాసుకుని వాటిని తీసి బాపు ముందు పెట్టి, ఉంగరం తీసుకుంది. నేను వెంట వెళ్లాను. ముసలామె ఉంగరాన్ని చేతిలోకి తీసుకుని, కెంపును ముట్టకుండా, వెనక్కి తిప్పి బొటనవేలితో పువ్వును తడిమింది. పెచ్చు లేచిన చోట వేలు ఆగింది. ఆమె ఏడవలేదు. వేలికి తొడుక్కుని, "వచ్చినవా," అంది దానితో, చుట్టం వస్తే పలకరించినట్టు.

ఆ మరుసటి ఏడు నాకు పెళ్లైంది. అత్తగారిది పటాన్‌చెరు. బొంబాయి రోడ్డు మీద కిరాణా దుకాణం. నేను కాపురానికి వచ్చేనాటికి రోడ్డుకు అటూ ఇటూ జొన్న చేలే. చూస్తుండగానే చేలలో రాళ్లు పాతారు, గోడలు లేచాయి, పొగగొట్టాలు లేచాయి. షిఫ్టు దిగి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు మా దుకాణం ముందు ఆగి సబ్బులు, బీడీలు, గోధుమపిండి కొనేవాళ్లు. హిందీ మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఉంగరాలు చూసే విద్య అక్కడ పెద్దగా అక్కరకు రాలేదు. ఎప్పుడైనా ఎవరైనా ఫ్యాక్టరీ ఆఫీసరు భార్య నా సంగతి విని తన అమ్మమ్మ నగ తెచ్చి చూపించేది. నేను చూసి చెప్పేదాన్ని. మా ఆయన పక్కన నిలబడి మురిసిపోయేవాడు.

ఒక ఆదివారం పొద్దున టీచరమ్మ బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. జుట్టు సగం నెరిసింది. అంతకు ముందు ఏడే వాళ్లమ్మ పోయిందని చెప్పింది. చివరి దాకా ఉంగరం ముసలామె వేలికే ఉందట. పోయాక టీచరమ్మ తొడుక్కుంది. మొన్న వేడినీళ్లతో బట్టలు ఉతుకుతుంటే రాయి ఊడి బండ మీద పడింది.

"పాత లక్క కద, వేడికి కరిగిందేమో," అంటూ రుమాలు విప్పింది. "మీ బాపు దగ్గరికే పోదామనుకున్న. నిన్ను గూడ సూసినట్టైతదని ఇటొచ్చిన."

ఆమెను లోపల కూర్చోబెట్టి, చాయ్ పెట్టమని మా అత్తకు చెప్పి, నేను ఉంగరాన్ని వాకిట్లో వెలుగు దగ్గరికి తెచ్చాను. ఆమె తెచ్చింది బాగు చేయించడానికి. నేను చూసింది కూడా అందుకే, గిన్నె వంగిందేమో, లక్క ఎంత మిగిలిందో అని.

గుంటలో లక్క మీద రేకు అంటుకుని ఉంది. పాత కుందనంలో రేకు వెండిదో బంగారుదో ఉంటుంది, ఏళ్లు గడిస్తే గోధుమరంగుకో నలుపుకో తిరుగుతుంది. ఇది తళతళలాడుతోంది. గుండుసూదితో అంచు లేపాను. రేకు చిరిగింది. చిరిగిన చోట తెల్లగా నూగు లేచింది. కాగితం. సిగరెట్ పెట్టెలో ఉండే వెండికాగితం. బాపు విడి రాళ్లను మడిచి పెట్టేది ఆ కాగితంలోనే.

రాయిని తీసుకుని ఎండకు ఎదురుగా పట్టాను. గుంటలో, రేకు మీద కూర్చున్న రాయిలోంచి వెలుతురు దూరిపోదు కాబట్టి లోపలేముందో కనబడదు. ఇప్పుడు కనబడింది. గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు వంపు గీతలు, మధ్య మధ్య గుండ్రటి బుడగలు. నేలలో పుట్టిన కెంపులో వంపు గీతలుండవు. కొలిమిలో కాచి పోసిన రాయిలోనే ఉంటాయి. అది కూడా బాపు నేర్పిందే, విడి రాళ్ల మీద చూపించి.

లోపలి నుంచి టీచరమ్మ గొంతు వినిపించింది. "కుదురుతదా?"

"కుదురుతది," అన్నాను. "ఇక్కడుంచి పోండి. నేను చేయించి తెస్త."

ఆమెకు భోజనం పెట్టాను. ఏం వండానో, ఏం మాట్లాడానో తెలియదు. ఆమెను బస్సెక్కించి వచ్చి, పిల్లల్ని అత్తకు అప్పజెప్పి, మరునాడు సంగారెడ్డి పోయాను.

బాపు గద్దె మీదే ఉన్నాడు. నన్ను చూసి సంబరంగా, "చెప్పకుంట చెయ్యకుంట వచ్చినవేంది బిడ్డా?" అన్నాడు. నేను ఉంగరాన్నీ, రాయినీ, ఆ కాగితం ముక్కనూ ఆయన ముందు పెట్టాను. ఆయన ముందుగా చూసింది కాగితం ముక్క వైపు. అక్కడే నాకు జవాబు దొరికిపోయింది. అయినా అడిగాను.

"ఇది యాడిది బాపూ?"

"నీకు తెల్సింది గద. ఇగ అడుగుడెందుకు?"

"ఎవరు చేసిండ్రు?"

"మన నగలు చేసే అవుసలాయన. మంచిగ చేసిండు. పాపం, పోయిండు ఇప్పుడు."

"రెక్క పెచ్చు ఎవరు లేపిండ్రు?"

"ఆయనే."

"ఆయనకెట్ల తెలిసింది, ఏ రెక్కనో?"

బాపు నా మొహంలోకి చూశాడు. "నువ్వే కద చెప్పినవ్," అన్నాడు మెల్లగా.

నేను గద్దె అంచున కూర్చున్నాను. అమ్మ పరదా ఇవతలికి వచ్చి, గద్దె మీది రాయినీ కాగితాన్నీ చూసి వెనక్కి పోయింది. ఆమెకు మొదటి నుంచీ తెలుసని ఆ పోవడంతోనే అర్థమైంది.

"ఆ ముసలామెకు ఉంగరం కావాలె. దొరికింది. సచ్చేదాక సంబురపడ్డది," అన్నాడు బాపు. "అసలుది నేనేడికెల్లి తేవాలె? ఎవడో కరగబెట్టి ఎన్నేండ్లాయెనో. బంగారం అసలుదే, మీనా అసలుదే. రాయి ఒక్కటే గద."

"మరి నాకెందుకు సూపెట్టినవ్? నాకు చెప్పకుంట ఆమెకు ఇస్తె అయిపోతుండె గద."

 కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"నీకు సూపెడితెనే గద తెలిసేది, పని కుదిరిందో లేదో. నువ్వు పాతదంటె ఇగ ఎవడన్న పాతదే అంటడు. హైదరాబాదోడైన అంటడు."

ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. అదే నన్ను చంపింది. మంచం పక్కన ఇత్తడి పళ్లెం పెట్టిననాటి నుంచి, పరదా ఇవతలికి అరచెయ్యి చాచిన సాయంత్రాలన్నీ ఒక్కొక్కటే నా ముందుకు వచ్చాయి. వాటిలో ఎన్ని ఆటలు, ఎన్ని పరీక్షలు? పరీక్ష నాకా, అవుసలాయన పనికా? నేను తప్పు పట్టిన ఉంగరాల్ని ఆయన ఏం చేశాడు, మళ్లీ దిద్దించాడా? ఆ పచ్చరాయి ఉంగరం అతుకు దగ్గర రంగు తేలిందని నేను చెప్పినందుకు బజారంతా చెప్పుకున్నది కూతురి కన్ను గురించేనా? కుందనం ఎన్నడూ విప్పొద్దన్నది నిజంగా దాని ప్రాణం కోసమేనా?

"ఎన్ని ఉంగరాలు బాపూ? నాతోని పాతయి అనిపించినయి ఎన్ని?"

బాపు లేచి బీరువా తెరిచి, లోపలి అరలోంచి ఒక పొట్లం తీసి విప్పాడు. ఇంకో కెంపుటుంగరం.

"ఇది అసలుది. జాగీర్‌దారింటిది. నీ కోసమని దాచిన. తీస్కపోయి మీ టీచరమ్మకియ్యి. అయిపాయె."

తీసుకుని వెనక్కి తిప్పాను. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. నీలం మీనా మీద ఎర్ర పూలు. పట్టీ అరచేతి వైపు పలచబడింది. అంచులు నున్నబడ్డాయి. రాయి ఒక వైపు ఉబ్బు. సందుల్లో మడ్డి. అన్నీ ఉన్నాయి. ఎంతసేపు చూసినా నాకు ఏమీ తెలియలేదు. అది వందేళ్ల నాటిదై ఉండవచ్చు, మొన్నటిదై ఉండవచ్చు. నా కళ్లు చెప్పేది నేను నమ్మలేకపోయాను. ఆ కళ్లు ఆయన ఇచ్చినవి.

ఆ ఉంగరాన్ని గద్దె మీదే ఉంచి, టీచరమ్మ ఉంగరాన్నీ రాయినీ మళ్లీ రుమాలులో కట్టుకుని లేచాను.

"అన్నం తినిపో," అన్నాడు బాపు. నేను తినకుండానే బస్టాండుకు నడిచాను.

టీచరమ్మ ఇంటికి అదే రోజు పోవాలనుకున్నాను. ఆమె ఇల్లు అక్కడికి దగ్గరే. కానీ ఏం పట్టుకుని పోవాలి? పటాన్‌చెరు వచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన, "నీ గాజులు ఆమెకియ్యి. మనం మళ్ల చేయించుకుందం," అన్నాడు. ఆయన అంతకు మించి ఒక్క మాట అనలేదు. మా బాపును తిట్టలేదు. నేను ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నది ఆ మౌనానికే.

ఆ వారం పెళ్లి గాజులు తీసి రుమాలులో కట్టుకుని టీచరమ్మ ఇంటికి పోయాను. ఆమె గడపలో ముసలామె కూర్చునే చోట కాపీల కట్టలున్నాయి. నేను దాచకుండా చెప్పాను. రాయి సంగతి, కాగితం సంగతి, పెచ్చు సంగతి, ఆ గుర్తులు ఎవరి నోటి ద్వారా ఎవరికి చేరాయో, అన్నీ.  గాజులూ ఉంగరమూ ఆమె ముందు పెట్టాను. ఆమె వాటిని చూడను కూడా చూడలేదు.

"మా అమ్మ రోజు పండుకునేటప్పుడు దాంతోని మాట్లాడేది," అంది చివరికి. "మా నాయినమ్మ ముచ్చట్లు, మా ఊరి ముచ్చట్లు. నేను పక్క మంచంల పండుకుని ఇనేదాన్ని. ఎవరితోని మాట్లాడినట్టు ఆమె? మీ అవుసలాయనతోనా?"

నేను గాజుల ముడిని ఆమె వైపు ఇంకొంచెం జరిపాను.

"ఒక మాట అడుగుత. నిజం చెప్పు. నీకు అప్పుడు తెల్వదా?"

"తెల్వదు టీచరమ్మా. మా పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీద ఒట్లు పెట్టకు," అంది. అని నన్ను చూసింది. బడిలో ఒక పిల్లకు లెక్క సరిగ్గా వచ్చినా, పక్క పిల్ల కాపీలో చూసి రాసిందేమోనని అనుమానమొచ్చినప్పుడు చూసే చూపు అది. నా మీద ఆ చూపు అంతకు ముందు ఎప్పుడూ పడలేదు. ఆమె నమ్మిందో లేదో నాకు తెలియలేదు. నమ్మాలని ప్రయత్నించిందని మాత్రం అనుకుంటాను. గాజుల ముడి నా చేతిలో పెట్టి, ఉంగరం కూడా దాని మీద పెట్టింది.

"ఇవి నీయి. అది మీ బాపుది. నాకు రెండు వద్దు."

ఆ ఉంగరాన్ని ఏం చేయాలో తెలియక చాలా కాలం ఉంచి, చివరికి మా ఆయన చేతికే ఇచ్చాను. ఆయన కరిగించి ఆ బంగారాన్ని ఒక పేదింటి పెళ్లికి పుస్తెల కోసం ఇచ్చానని చెప్పాడు. ఎవరికని నేను అడగలేదు.

బాపుతో మాటలు మానలేదు. పండుగలకు పోయేదాన్ని, పిల్లల్ని చూపించేదాన్ని, జబ్బు చేస్తే వెళ్లి పదిరోజులుండి చాకిరీ చేశాను. కానీ పరదా అవతలికి మళ్లీ అడుగు పెట్టలేదు. ఆయన పిలవలేదు. ఒకసారి ఆయన మా పెద్దపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నీకు ఉంగరాల ఆట నేర్పాలెనా?" అని అడుగుతుంటే విన్నాను. పోయి పిల్లను లేపుకొచ్చాను. ఆయన ఆ రోజంతా దుకాణంలోంచి ఇంట్లోకి రాలేదు. పటాన్‌చెరులో ఎవరైనా నగ తెచ్చి ఎప్పటిదో చెప్పమంటే, నాకు తెలియదని పంపించేసేదాన్ని. వాళ్లు అది నా గర్వం అనుకున్నారు.

టీచరమ్మకు సదాశివపేట బదిలీ అయిందని విన్నాను. కొన్నేళ్ల తర్వాత ఒకసారి, పెద్దపిల్లను సంగారెడ్డి బడిలో చేర్చడానికి పోతుంటే, రుద్రారం దగ్గర ఆమె మా బస్సెక్కింది. సీట్లన్నీ నిండి ఉన్నాయి. నేను లేచి చోటిచ్చాను. ఆమె నన్ను గుర్తుపట్టి, కూర్చోకుండా కాసేపు నిలబడింది. తర్వాత కూర్చుని, మా పిల్లను దగ్గరికి లాక్కుని, ఏ తరగతని అడిగింది. ఎక్కాలు ఎందాక వచ్చని అడిగింది. పిల్ల పదమూడో ఎక్కం దగ్గర తడబడితే తనే అందించింది. వాళ్లిద్దరూ దారి పొడుగునా ఎక్కాలు చదువుకుంటూ ఉన్నారు. నేను కమ్మీ పట్టుకుని నిలబడి, ఆమె నా వైపు చూస్తుందేమోనని ఎదురుచూశాను.

ఆమె దిగాల్సిన చోట బస్సు ఆగింది. పిల్ల తల నిమిరి, "లెక్కలు ఇడిసిపెట్టకు," అని దానితో చెప్పి, సంచి భుజాన వేసుకుని దిగిపోయింది.